సంఘాన్ని పెంచేదెవరు?

సంఘం ఎదుగుదలను కొత్త భవనాలతో, మైకుల హోరుతో కొలిచే రోజులివి. అందుకే ఈ సంచికలో ఒంగోలు చరిత్రను తిరగేశాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లు అప్పటి కరువులో కూటి కోసం వచ్చారన్న ఆక్షేపణ పాతదే, కొట్టిపారేయదగిందీ కాదు. అయితే బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని చూపి ఆకలి తీర్చిన కాలంలో మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. పైగా నేల అప్పటికే సిద్ధమై ఉంది. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారి. తాను ఎరిగిన మాదిగ పల్లెల్లో, చుట్టాల ఇళ్లలో కూర్చుని సువార్త చెప్పారు. చుట్టరికం వెంట పెరిగిన సంఘం కులం గీతలోనే ఉండిపోతుందని అంటారు. నిజమే, నేటి మన ఆరాధనల్లోనూ ఆ గీత కనబడుతుంది. కానీ తప్పు చుట్టరికానిది కాదు, దాన్ని పక్క వీధి దాకా చాచని మనది. సంఘాన్ని పెంచేదెవరన్న ప్రశ్నకు ఈ సంచిక వ్యాసకర్తలు పేరు దక్కని పల్లె బోధకుల వైపే మొగ్గారు. ఒకరిద్దరు మాతో గట్టిగానే విభేదించారు, వాళ్లనే ముందు పేజీల్లో ఉంచాం.