తండాను అడగని చికిత్స నియమాలు

రాత్రిపూట వరి మడికి నీళ్లు కట్టబోయిన రైతును రక్తపింజర కాటేస్తే ఏం చేయాలో కేంద్ర ఆరోగ్యశాఖ చికిత్స మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. గడ్డకట్టకపోతే ఒంటికి విషం ఎక్కినట్టే. వెంటనే విషవిరుగుడు మందు 10 వయల్స్‌తో మొదలుపెట్టాలి. విషలక్షణాలు కనిపించకపోయినా 24 గంటలు ఆస్పత్రిలోనే ఉంచి, పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తూ ఉండాలి. శాస్త్రపరంగా ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ 24 గంటలు ఎక్కడ? సాయంత్రానికే తలుపులు మూసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనా?

జనగామ వాసికి కనీసం రైలు, హైదరాబాద్ రహదారి దగ్గర. మహబూబాబాద్ జిల్లా గంగారం, కొత్తగూడ గూడేల నుంచి, భూపాలపల్లి జిల్లా పలిమెల నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి చేరాలంటే గంటల ప్రయాణం. కట్లపాము రాత్రివేళ, నేలమీద పడుకున్నవారినే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, ఆపై ఊపిరి అందదు. అప్పుడు వెంటిలేటరే దిక్కు. పసరు మందు పోసేవారి దగ్గరికి పోయారని బాధితుల కుటుంబాన్ని నిందించేవాళ్లు ఒక్కటి గమనించాలి: చాలా ఊళ్లలో అర్ధరాత్రి తెరిచి ఉండే గడప అదొక్కటే.

2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది బలయ్యారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అత్యధికులు పల్లెవాసులే. మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతమూ ఉంది.

నియమం రాయడం వేరు, అమలు వేరు అనే వాదనను ఇకనైనా వదిలిపెట్టాలి. ఒక సిఫారసు వల్ల ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది రాసేటప్పుడే తేల్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల తయారీ చేతిపుస్తకం చెబుతోంది. వైద్య సిఫారసుల తయారీకి పద్ధతులు రూపొందించే అంతర్జాతీయ గ్రేడ్ బృందం 2017లో అందుకు పద్ధతినీ వివరించింది. పద్ధతి తెలియదనే సాకు ఎవరికీ లేదు. తండాలో పనిచేసే ఆశా కార్యకర్తను, రాత్రి డ్యూటీ నర్సును, కాటుకు బతికి బయటపడ్డ కూలీని అడగకుండా రాసిన నియమం సగం నియమమే.

2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఈ మూడు కళాశాలల వైద్యులను, మారుమూల పీహెచ్‌సీల సిబ్బందిని, గూడేల ప్రతినిధులను కూర్చోబెట్టి రాష్ట్ర వైద్యారోగ్య శాఖ ఈ నియమాలను తిరగరాయాలి. విషలక్షణాలున్న రోగికి మొదటి విడత మందు ఎక్కించకుండా పెద్దాసుపత్రికి రాసి పంపడాన్ని నిషేధించాలి. వచ్చే వానకాలం సాగు మొదలయ్యేలోగా ఏజెన్సీ పీహెచ్‌సీల్లో రాత్రి డాక్టరు, విషవిరుగుడు మందు, అది వికటిస్తే ఇచ్చే అడ్రినలిన్, ఆ గాజు ట్యూబు ఉండి తీరాలి.