బోటులో పాట కన్నా ముందు మాట వినబడాలి

పాపికొండల విహారానికి గండిపోచమ్మ నుంచో, పోచవరం నుంచో బయలుదేరే పర్యాటక బోటులో మూడు శబ్దాలు పోటీ పడుతుంటాయి. ఒకటి డీజిల్ ఇంజను రొద, రెండోది స్పీకర్లలో సినిమా పాట, మూడోది మైకు పట్టుకున్న గైడు గొంతు. సాధారణంగా మొదటి రెండింటిదే పైచేయి. పేరంటాలపల్లి గురించి గైడు చెప్పిన కబురు వెనక వరుసకు చేరకపోతే పెద్దగా పోయేదేమీ లేదు. అదే గొంతు "అందరూ ఒక పక్కకే రాకండి, సీట్లలో కూర్చోండి, జాకెట్లు కట్టుకోండి" అని చెప్పాల్సి వచ్చినప్పుడు వినబడకపోతే మాత్రం పోయేది ప్రాణం.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటక బోటు మునిగిన తరువాత లైఫ్ జాకెట్ల గురించి, సరంగుల శిక్షణ గురించి, ఎక్కించుకునే ప్రయాణికుల సంఖ్య గురించి ఎంతో చర్చ జరిగింది. ఆ దుర్ఘటనకు స్పీకర్లు కారణమని ఇక్కడ అనడం లేదు. అయితే బోటు భద్రత గురించి ఇంత మాట్లాడుకున్నా పెద్దగా ఎవరి దృష్టీ పడని పెట్టె ఒకటుంది. అది యాంప్లిఫయర్. దాన్ని వినోదపు సామానుగా కాక, బ్యాటరీ, ఇంజనుల సరసన భద్రతా పరికరంగా చూడాలి. అలా చూసినప్పుడు "ఎన్ని వాట్లు?" అన్నది మొదటి ప్రశ్న కాదు, చివరి ప్రశ్న.

వాట్లు పెంచితే మాట పెరగదు

బోట్లలో ఎక్కువగా కనిపించే ఏర్పాటు సులువైనదే. ముందు భాగంలో ఒకటో రెండో పెద్ద సౌండ్ బాక్సులు పెడతారు. వెనక వాళ్లకు వినబడకపోతే వాల్యూమ్ పెంచుతారు. ఇంకా చాలకపోతే ఇంకా పెద్ద యాంప్లిఫయర్ కొంటారు. భౌతికశాస్త్రం ఈ పద్ధతిని ఒప్పుకోదు.

ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. స్పీకరు నుంచి 1 మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఉన్న శబ్దం 2 మీటర్ల దగ్గర 94, 4 మీటర్ల దగ్గర 88, 16 మీటర్ల దగ్గర 76 అవుతుంది. వెనక వరుస దగ్గర ఇంజను రొద 80 డెసిబెల్స్ ఉందనుకుంటే, ఈ శబ్దం అందులో మునిగిపోయినట్టే. అక్కడ 90 డెసిబెల్స్ వినిపించాలంటే ముందున్న స్పీకరుకు 25 రెట్లు ఎక్కువ పవర్ ఇవ్వాలి. అప్పుడు ఆ స్పీకరుకు 2 మీటర్ల దూరంలో కూర్చున్న పిల్లల చెవులకు తగిలేది 108 డెసిబెల్స్. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 108 దగ్గరకు వచ్చేసరికి మూడు నిమిషాలు కూడా మిగలదు.

ఇప్పుడు వెనక వరుసకు 2 మీటర్ల దూరంలో ఒక చిన్న స్పీకరు పెట్టి చూద్దాం. అదే 90 డెసిబెల్స్‌కు మొదట ఇచ్చిన పవర్‌లో సగం కూడా అక్కర్లేదు. బహుళ ఛానళ్ల యాంప్లిఫయర్ పనికొచ్చేది ఇక్కడే. నాలుగు ఛానళ్ల పెట్టె అంటే నాలుగు రెట్లు మోత అని కాదు, నాలుగు చోట్లకు విడివిడిగా కొలిచి పంపగల శబ్దం అని అర్థం. ముందు డెక్, వెనక డెక్, కింది హాలు, సరంగు గది, ఇలా ఒక్కో చోటుకు ఒక్కో ఛానల్. ఇంజను పక్కనున్న ఛానల్‌ను కాస్త పెంచుకోవచ్చు, పిల్లలున్న చోట తగ్గించుకోవచ్చు.

ఇందులో ఒడ్డుకూ మేలుంది. పాపికొండల ప్రాంతం 2008 నుంచి జాతీయ పార్కు. గట్టు మీద కొండరెడ్ల గూడేలున్నాయి. ముందు నుంచి ఊరంతటికీ వినిపించే పెట్టె బదులు, ప్రయాణికుల దగ్గరగా నెమ్మదిగా పలికే స్పీకర్లుంటే కొండల మధ్య ప్రతిధ్వనించే మోత తగ్గుతుంది.

'కట్టుకోండి'కీ 'పట్టుకోండి'కీ తేడా

మాట అర్థం కావడానికి బిగ్గరగా ఉంటే చాలదు. "జాకెట్ కట్టుకోండి", "జాకెట్ పట్టుకోండి" అన్న రెండు వాక్యాల మధ్య తేడా ఒక్క హల్లు. హల్లులను విడదీసి చూపే శబ్దశక్తిలో ఎక్కువ భాగం 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది, అది బలహీనమైనది కూడా. పాటలోని డప్పు మోత తక్కువ హెర్ట్జ్‌లలో ఉన్నా, బిగ్గరగా ఉన్నప్పుడు తన పైనున్న శబ్దాలను చెవిలో కప్పేస్తుంది. ఇంజను రొద చేసేదీ అదే.

అందుకే చిన్న స్పీకర్లకు వెళ్లే ఛానళ్లలో సుమారు 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని ఫిల్టరుతో ఆపేయాలి. చాలా యాంప్లిఫయర్లలో ఆ మీట ఉండనే ఉంటుంది. ఆరు అంగుళాల స్పీకరు ఆరుబయట ఆ లోతైన శబ్దాన్ని ఎలాగూ సరిగా పలికించలేదు, ఆ ప్రయత్నంలో దాని కోను మాత్రం దెబ్బతింటుంది. మైకు దారిలో ఇంకొంచెం పైనుంచి కోసినా మాట చెడదు, పైగా తేటపడుతుంది.

ఇక గెయిన్. యాంప్లిఫయర్ మీద ఉండే ఈ మీటను చాలామంది వాల్యూమ్ అనుకుని చివరికంటా తిప్పేస్తారు. నిజానికి పాట ప్లేయరు పంపే వోల్టేజికి యాంప్లిఫయర్ పరిమితిని సరిపెట్టే మీట అది. హద్దు దాటితే తరంగం కొనలు తెగిపోతాయి. గుండ్రంగా ఉండాల్సిన తరంగం పెట్టె ఆకారానికి వస్తే, అదే ఎత్తులో స్పీకరుకు చేరే పవర్ రెట్టింపు వరకూ పోతుంది. చిన్న స్పీకర్లు కాలిపోయేది తరచూ ఇందుకే. మాట బొంగురుపోయేదీ ఇందుకే.

సరైన పద్ధతికి ఒక మల్టీమీటరు చాలు. స్పీకరు తీగలు విప్పి, ప్లేయరు వాల్యూమ్‌ను మూడొంతులు పెట్టి, పరీక్ష ధ్వని పంపి, యాంప్లిఫయర్ నుంచి వచ్చే ఏసీ వోల్టేజిని చూడాలి. స్పీకరుకు ఇవ్వదలచిన వాట్లను దాని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన అంకె వస్తుంది. 4 ఓమ్‌ల స్పీకరుకు 75 వాట్లు అంటే 300కు వర్గమూలం, సుమారు 17.3 వోల్టులు. అక్కడికి గెయిన్ ఆపేయాలి. చవక మీటర్లు ఎక్కువ హెర్ట్జ్ దగ్గర తప్పు చూపవచ్చు గనుక, ఫిల్టరును కాసేపు తీసేసి 50 హెర్ట్జ్ ధ్వనితో కొలవడం మంచిది. ఒకే ఛానల్‌కు రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను పక్కపక్కన కలిపితే అది 2 ఓమ్‌లవుతుంది. యాంప్లిఫయర్ దాన్ని తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి.

కారు అలవాటు నీటి మీద చెల్లదు

బోటులో ఆడియో బిగించేది చాలాసార్లు కారు స్టీరియో మెకానిక్కే. పనిమంతుడే, కాని కారు నేర్పిన కొన్ని అలవాట్లు నీటి మీద ప్రమాదకరం.

మొదటిది నెగటివ్ తీగను బాడీకి బిగించడం. కారులో ఇనుప బాడీయే కరెంటు తిరిగొచ్చే దారి. ఇనుప బోటులో అలా చేస్తే కొంత కరెంటు అడుగు రేకు నుంచి నీటిలోకి దిగే ప్రమాదం ఉంది. అలా దిగిన చోట ఇనుము కరుగుతుంది. ఫారడే సూత్రం ప్రకారం ఒక్క ఆంపియర్ ఏడాది పొడవునా అలా కారితే కరిగిపోయే ఇనుము సుమారు 9 కిలోలు. అదంతా ఒకే చోట జరిగితే రేకుకు చిల్లు పడటానికి ఏడాది కూడా అక్కర్లేదు. కాబట్టి నెగటివ్ తీగ కూడా నేరుగా బ్యాటరీ దగ్గరికే తిరిగి రావాలి.

రెండోది సన్న తీగ. ఒక్కో ఛానల్‌కు 75 వాట్ల చొప్పున నాలుగు ఛానళ్లు పూర్తిగా పలికితే 300 వాట్లు. క్లాస్ డీ రకం యాంప్లిఫయర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది 375 వాట్లు, అంటే సుమారు 30 ఆంపియర్లు. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ తీగ 10 మీటర్లు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే దారిలోనే 1.3 వోల్టులు పోతాయి, దాదాపు 39 వాట్లు తీగలో వేడిగా మారతాయి. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.3 వోల్టులు, వేడి 10 వాట్ల లోపు. చెక్క, ఫైబర్, పరుపుల మధ్య నుంచి వెళ్లే తీగ విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

మూడోది ఫ్యూజు. యాంప్లిఫయర్ పెట్టెకు ఫ్యూజు ఉంది కదా అని చాలామంది ఊరుకుంటారు. అది పెట్టెనే కాపాడుతుంది. బ్యాటరీకీ పెట్టెకూ మధ్య ఉన్న తీగ ఎక్కడైనా ఒరుసుకుపోతే, బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా పోస్తుంది. అందుకే ప్రధాన ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం సాధారణంగా 7 అంగుళాల లోపు ఉండాలంటుంది. దాని విలువ తీగ మోయగల కరెంటును మించకూడదు.

నాలుగోది మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు. తేమ తగిలిన రాగికి చిలుము పడుతుంది, అతుకు నిరోధం పెరుగుతుంది, వేడెక్కుతుంది. కళాయి పూసిన రాగి తీగ, నొక్కి బిగించిన లగ్గులు నదిలో మంచివి. కాకినాడ, విశాఖపట్నం వంటి చోట్ల ఉప్పుగాలి తినే సముద్రపు బోట్లకైతే తప్పనిసరి. ఆ బోట్లలో స్పీకరు అయస్కాంతం దిక్సూచికి దగ్గరగా లేకుండానూ చూసుకోవాలి.

పెట్టెను ఎక్కడ బిగించాలన్నదీ ముఖ్యమే. బ్యాటరీ పెట్టెలో వద్దు. ఛార్జి అయ్యేటప్పుడు లెడ్ ఆసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే అంటుకోగలదు. లైఫ్ జాకెట్ల అరలోనూ వద్దు. వేడి పోయే దారి ఉండదు, పైగా జాకెట్లు అంటుకునే సామానే.

మాటకు మొదటి హక్కు

సముద్రంలో తిరిగే ప్రయాణికుల ఓడలకు అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం, దాని అనుబంధ నియమావళి ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పాయి. అత్యవసర ప్రకటన ఓడ లోపల కనీసం 75 డెసిబెల్స్, బయటి డెక్‌ల మీద కనీసం 80 డెసిబెల్స్ ఉండాలి. అక్కడి రొద మాటకు కలిగించే ఆటంకం కన్నా లోపల 20, బయట 15 డెసిబెల్స్ పైన ఉండాలి. రెండు స్వతంత్ర యాంప్లిఫయర్లు ఉండాలి, అత్యవసర విద్యుత్తుతోనూ అవి పనిచేయాలి. నది బోటుకు ఈ నియమాలు వర్తించవు, వాటిని యథాతథంగా రుద్దాల్సిన పనీ లేదు. అందులోని ఆలోచన మాత్రం తీసుకోదగ్గది. అక్కడ మాటకు కొలత ఉంది.

ఆ ఆలోచన నది బోటుకు ఎలా వస్తుంది? మైకు బటన్ నొక్కగానే అన్ని ఛానళ్లలో పాట ఆగిపోయే ఏర్పాటు ఉండాలి. సరంగు చేతికందే చోట ఇంకో మైకు ఉండాలి. పాటలకు ఒక బ్యాటరీ, ఇంజను స్టార్టింగుకూ ప్రకటనలకూ మరో బ్యాటరీ విడిగా ఉండాలి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ ఆసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిదంటారు. సగటున 10 ఆంపియర్లు లాగే పాటల పెట్టె ఇంజను ఆపిన వేళ 5 గంటల్లో ఆ సగాన్నీ తాగేస్తుంది. ఒకే బ్యాటరీ అయితే తిరుగు ప్రయాణంలో ఇంజనూ లేవదు, మైకూ పలకదు.

దీనికి బోటు యజమానులు చెప్పే అభ్యంతరాలు రెండు. పాటలు లేకపోతే జనం రారన్నది ఒకటి, ఖర్చన్నది రెండోది. మొదటిది నిజమే కావచ్చు. కాని ఇక్కడ పాట ఆపమని ఎవరూ అనడం లేదు. దగ్గర దగ్గరగా స్పీకర్లున్న బోటులో పాట కూడా తేటగానే వినబడుతుంది. రెండో దానికి జవాబు పై లెక్కల్లోనే ఉంది. 25 రెట్ల పవర్ కొనే డబ్బుకు బదులు నాలుగు చిన్న స్పీకర్లు, లావు తీగ, ఒక ఫ్యూజు. మిగతాదంతా గెయిన్, ఫిల్టరు సరిచేసే ఒక పూట పని.

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం బోట్ల రిజిస్ట్రేషన్‌కూ, సర్వేకూ దారి చూపింది. ఆ సర్వేలో లైఫ్ జాకెట్లు లెక్కపెట్టినట్టే యాంప్లిఫయర్ తీగ, ఫ్యూజు, బ్యాటరీ చూడటం రాష్ట్రాలకు పెద్ద పని కాదు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాఠాల్లో బోటు వైరింగు ఒక అధ్యాయంగా చేరితే కారు అలవాట్లు వాటంతటవే తగ్గుతాయి.

నియమాలు వచ్చేవరకూ ఆగాల్సిన అవసరం లేని పరీక్ష ఒకటుంది. రేవు నుంచి కదిలేముందు ఇంజను పూర్తి వేగంలో ఉంచి, పాట పెట్టి, ఒక మనిషిని చిట్టచివరి సీటులో కూర్చోబెట్టి, సరంగు మైకులో ఒక్క వాక్యం చెప్పాలి. ఆ మనిషి దాన్ని పొల్లుపోకుండా తిరిగి చెప్పగలిగితే బోటు బయలుదేరవచ్చు. 'కట్టుకోండి' అన్నది 'పట్టుకోండి'గా వినబడితే, ఆ యాంప్లిఫయర్ ఎన్ని వాట్లదైనా దాన్ని మళ్లీ సరిచేయాల్సిందే.