వడ్రంగి విడిచిన ముక్క

ఇంట తలుపునో బల్లనో చేయించినపుడు కొన్ని చెక్కముక్కలు మిగులును. వాటిని పొయ్యిలో పెట్టుదుము, లేదా చెత్తలో పారవేయుదుము. పిమ్మట గోడకు అలంకారము కావలెనని అంగడికి పోయి ప్లాస్టిక్కు చిలుకను కొని తెత్తుము. బాలబాలికలారా! ఇది వింత కాదా?

కొండపల్లి శిల్పులకు రంపపుపొట్టు సైతము వ్యర్థము కాదు. తేలికయైన పొణికి కర్రతో బొమ్మ అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన మక్కుతో వారు వాటిని అతుకుదురు. కోయగా రాలిన పొట్టే బొమ్మకు కీళ్లగుచున్నది!

"మాకు ఉలి పట్టుట రాదే" యందురేమో. ఉలితో పనిలేదు. జానెడు టేకుముక్కను, మేకులు లేనిదానిని, వెలుతురున త్రిప్పి చూడుడు. చారలు ఎటు సాగుచున్నవి? ముడి ఎచ్చట నున్నది? ఆ ముడియే చేపకు కన్ను కావచ్చును. ఆకురాయితో అంచులు గుండ్రముగా అరగదీసి, గరుకు కాగితముతో చారల వెంబడి రుద్దుడు. అడ్డముగా రుద్దినచో గీతలు పడును. తుదకు అవిసెగింజల నూనెను గుడ్డతో పలుచగా పూసిన చాలును. ఆ గుడ్డను మాత్రము ఉండచుట్టి మూల పడవేయరాదు. తనంత తానే వేడెక్కి అంటుకొనగలదు. విప్పి, ఆరుబయట ఆరవేయవలెను.

దట్టముగా రంగు పులుముట నాకు సమ్మతము కాదు. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకవారు రంగులు వేయరా యని అడుగవచ్చును. వేయుదురు. గిరగిర తిరుగు అంకుడు కర్రపై రంగు లక్కను ఒత్తగా, రాపిడి వేడికి అది కరగి కర్రను పట్టుకొనును. అది పనిలో భాగము. మనము పులుము రంగో, వంకరను కప్పుటకు.

ఈ తళుకుల మోజు పాఠశాలల ప్రదర్శనలకును ప్రాకినది. నేను చూచినంతలో, మెరుపు కాగితము అంటించిన థర్మోకోలు మేడకే బహుమతి. అందు సగము అంగడిది, సగము తండ్రిది. ప్రక్కనే ఒక బాలిక స్వయముగా రుద్ది చేసిన వంకరతోక చేప యుండును. దానివంక చూచువారుండరు. ఇట్లు రెండేండ్లు జరిగినచో మూడవయేట ఆమెయు మెరుపు కాగితమే కొనును. బహుమతులిచ్చు పెద్దలకు నా మనవి యొక్కటే: వస్తువును చూచి ఊరకొనక, చేసినవారిని పిలిచి ప్రశ్నింపుడు. ఇది ఏ కర్ర? చారలు ఎటున్నవి? తోకయొద్ద ఏల చీలినది? రుద్దిన బిడ్డ తడుముకొనక చెప్పును. తక్కినవాడు తండ్రి ముఖము చూచును.