పాత కలపకు మైల ఎక్కడిది?

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. మూడేళ్ళ క్రితం నేనూ మా అన్నయ్యా సరిగ్గా ఆ పనే చేశాం. పశ్చిమ గోదావరి జిల్లాలో మా తాతగారు కట్టించిన మండువా ఇంటిని పడగొట్టే ముందు దాని దూలాలు, వాసాలు, స్తంభాలు, ద్వారబంధాలు ఒక్కొక్కటే టేపుతో కొలిచి నోటు పుస్తకంలో రాసుకున్నాం. దాదాపు రెండు వందల ఘనపుటడుగుల టేకు తేలింది. ఎనభై ఏళ్ళ కిందటి కలప. గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన సరుకని మా నాన్న చెప్పేవారు. రెండు మూడు వాసాల కొసలు చెదలు తిన్నాయి తప్ప మిగిలినదంతా చేవ.

మా ఊరి వడ్రంగి దూలాన్ని గోటితో కొట్టి చూసి, "ఇది ఇంకో వందేళ్ళు ఉంటాదండి బాబూ, కొత్తింటి గుమ్మాలన్నీ దీంట్లోనే తీసేయొచ్చండి" అన్నాడు. అన్నయ్య సరేనన్నాడు కూడా. మర్నాడు సిద్ధాంతిగారు వచ్చారు. ఒకసారి వాడిన కలపను కొత్త ఇంటికి వాడితే పాత ఇంటి మైల, దోషాలు కొత్త ఇంటికి వస్తాయని, యజమానికి కీడని సెలవిచ్చారు. అంతే. ఎనభై ఏళ్ళు మా కుటుంబాన్ని ఎండావానల నుంచి కాపాడిన కలప ఒక్క పూటలో కీడైపోయింది.

"ఒరేయ్, నమ్మితే పోయేదేముందిరా? ఆయన మాటా విందాం, మన పనీ చూసుకుందాం" అన్నాడు అన్నయ్య. హేతువాదులకు ఈ మాట ఇంటింటా ఎదురవుతుంది. పోయేదేమీ లేదనుకునే నమ్మకంలో పోయేది ఎంతో లెక్క కట్టి చూపిద్దామనే ఈ వ్యాసం.

ముందు డబ్బు లెక్క. పాత కలపంతా పడగొట్టే కాంట్రాక్టరు లక్షా పదివేలకు గుత్తగా పట్టుకెళ్ళాడు. కొత్త ఇంటి గుమ్మాలకు, తలుపులకు అరవై అడుగుల ఘానా టేకు కొన్నాం. దానికి రెండు లక్షల పైన అయింది. మా స్తంభాలూ దూలాలూ ఆ తర్వాత ఒక రిసార్టులో తేలాయని విన్నాం. అక్కడి అతిథులకు మా మైల అంటినట్టు లేదు. ఆ రిసార్టుకు వాస్తు చూసింది కూడా ఎవరో ఒక సిద్ధాంతే అయ్యుంటాడు!

ఇక రెండో లెక్క. చెట్టు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చి, అందులోని కార్బన్‌తో తన ఒళ్ళు కట్టుకుంటుంది. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. ఒక ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు తూగుతుంది. అందులో 9 కిలోల కార్బన్. అది కాలినా, కుళ్ళినా 33 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా తిరిగి గాలిలో కలుస్తుంది. ఇంట్లో దూలంగా ఉన్నంతకాలం మాత్రం బందీగా ఉంటుంది. రిసార్టుకు పోయిన దూలాల్లోని కార్బన్ ఇప్పటికీ వాటిలోనే ఉంది, దాన్ని నష్టం అనలేం. కాని సుమారు ఎనభై అడుగుల వాసాలు, చిన్న చెక్కలు ఎవరూ కొనక ఒక వంటల మేస్త్రీ పొయ్యిలోకి పోయాయి. అంటే 2,600 కిలోలకు పైమాటే. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు తయారీకి సగటున 700 గ్రాముల చొప్పున వేసుకుంటే ఇది మూడు వేల ఏడు వందల యూనిట్లకు సమానం. నెలకు రెండు వందల యూనిట్లు వాడే ఇంట్లో ఏడాదిన్నర కరెంటు! దీనికి తోడు ఆఫ్రికా అడవిలో కూలిన కొత్త చెట్లు, వాటిని మోసుకొచ్చిన ఓడ.

పోనీ సిద్ధాంతిగారి మాటకు ఏదైనా ఆధారం ఉందా? కలప గురించిన పాత నియమాలన్నీ అర్థం లేనివని నేను అనను. వరాహమిహిరుడి బృహత్సంహితలో ప్రతిమల కోసం ఏ చెట్లు కొట్టకూడదో ఒక జాబితా ఉంది. పిడుగు పడిన చెట్టు వద్దంటాడు. పిడుగు పడితే కాండంలో పగుళ్ళు వస్తాయి కాబట్టి అందులో ఇంగితం ఉంది. శ్మశానంలో చెట్టు వద్దనడంలో ఏ ఇంగితమూ లేదు. వడ్రంగి అనుభవమూ పురోహితుడి భయమూ ఒకే జాబితాలో పక్కపక్కన కూర్చుంటాయి. వాటిని విడదీయడమే మన పని. పాత కలప విషయంలో వడ్రంగి అనుభవం సిద్ధాంతికి పూర్తిగా వ్యతిరేకం. పచ్చి కలప ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, వంగుతుంది, గుమ్మం బిగుస్తుంది. ఎనభై ఏళ్ళు ఆరిన కలప వంగాల్సిందంతా ఎప్పుడో వంగేసింది. మా కొత్త ఇంటి తలుపులు రెండు మొదటి వానాకాలానికే పట్టేశాయి. అన్నయ్య దాన్ని దోషం అనలేదు, వడ్రంగి చేతకానితనం అన్నాడు.

కొత్త ఇల్లు అందరిలాగే శ్లాబు ఇల్లు. సిమెంటు సంగతి చాలామందికి తెలియదు. సున్నపురాయిని కాలిస్తేనే సిమెంటు వస్తుంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. బట్టీకి వాడే బొగ్గు పొగ దీనికి అదనం. బొగ్గు మానేసి సౌర విద్యుత్తుతో బట్టీ నడిపినా ఈ 44 కిలోలు తప్పవు, అది ఆ రాయి రసాయన ధర్మం. ప్రపంచంలోని కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో ఏడెనిమిది శాతం సిమెంటుదే.

కట్టాక ఇంకో గొడవ. అయిదంగుళాల శ్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రి పది గంటలకు మనం పడక మీద వాలే వేళకు దాన్ని గదిలోకి కక్కుతుంది. మా తాతగారి ఇంట్లో ఎత్తయిన పెంకు కప్పు, పెంకుల సందులు, నడి మండువా వేడిగాలిని పైకి పంపేసేవి. కొత్త ఇంట్లో రెండు ఏసీలు పెట్టారు.

ఇక్కడిదాకా చదివి "చూశారా, మన పూర్వీకుల విజ్ఞానం!" అని చప్పట్లు కొట్టేవారికి ఒక మాట. ఆ ఇంట్లో మే నెల మిట్టమధ్యాహ్నం ఉడికిపోయేది. తేళ్ళు ఉండేవి, ఎలకలు ఉండేవి, ఏటా వానలకు ముందు పెంకులు సర్దించాల్సి వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ టేకు ఇల్లు ఊళ్ళో నాలుగైదు కుటుంబాలదే. మా పొలంలో పనిచేసిన వాళ్ళవి తాటాకు గుడిసెలు. ఎండాకాలం ఒక గుడిసె అంటుకుంటే వరసంతా బూడిదయ్యేది. వాళ్ళకు శ్లాబు అంటే నిప్పు నుంచి, అవమానం నుంచి విముక్తి. సిమెంటు ఇంటిని తిట్టే హక్కు గుడిసెలో ఉన్నవాడికి ఉందేమో గాని, టేకు దూలాల కింద పుట్టిన నాకు లేదు.

పూర్వీకుల విజ్ఞానం గురించి వాట్సాప్‌లో తిరిగే సందేశాల్లో హిమాచల్ ప్రదేశ్ కాఠ్-కునీ ఇళ్ళది ఒకటి. "చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండే ప్రకృతి ఏసీ" అని దాని సారాంశం. నాసా పేరు లేకపోవడం ఒక్కటే ఆశ్చర్యం! 2019 నవంబరులో కులూ లోయలో నగ్గర్ దగ్గర ఒక పల్లెలో నాలుగు రోజులు ఉన్నాను కాబట్టి కొంచెం చెప్పగలను. ఒక వరస దేవదారు దుంగలు, ఒక వరస రాళ్ళు, మళ్ళీ దుంగలు, ఇలా సున్నం, సిమెంటు లేకుండా గోడ లేపుతారు. కింది అంతస్తులో పశువులు, పైన మనుషులు. తలుపులు పొట్టి, కిటికీలు చిన్నవి, ఎండ వచ్చే వైపు చెక్క వసారా, పైన పలక రాళ్ళ కప్పు.

ఆ గదిలో చెక్క గోడకు ఆనుకుంటే నిజంగానే హాయిగా ఉంది. కారణంలో మాయ ఏమీ లేదు. కలప గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. అదే మందం ఉన్న కాంక్రీటు గుండా దానికి పది రెట్లు వేగంగా పోతుంది. చెక్కా రాయీ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నా, రాయి మన ఒంటి వేడిని లాగేస్తుంది, చెక్క లాగదు. కాని ఆ ఇంట్లో పొద్దున్నించి రాత్రిదాకా కట్టెల పొయ్యి మండుతూనే ఉంది. వసారా కింద పేర్చిన కట్టెల గుట్ట మనిషెత్తు ఉంది. ఆ కట్టెలు మోసేదీ, ఆ పొగ పీల్చేదీ ఆడవాళ్ళు. ఇది వాట్సాప్ సందేశంలో ఉండదు. గోడ సగం రాయి, సందుల్లోంచి గాలి దూరుతుంది. వేడిని బాగా నిలిపే ఇల్లయితే అంత గుట్ట ఎందుకు?

ఆ ఇళ్ళ అసలు గొప్పతనం వేరే చోట ఉంది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రా భూకంపంలో సుమారు ఇరవై వేలమంది చనిపోయారు. కులూలో అప్పటికే కొన్ని శతాబ్దాలుగా ఉన్న నగ్గర్ కోట నిలిచింది. ఇప్పుడది ప్రభుత్వ పర్యాటక హోటల్. 2005 అక్టోబరు 8న కశ్మీర్ భూకంపంలో డెబ్భై వేలకు పైగా ప్రజలు పోయాక, పాకిస్తాన్ వైపు జనం చెక్క చట్రంలో రాళ్ళూ మట్టీ నింపే ధజ్జీ దేవారీ పద్ధతిలో మళ్ళీ కట్టుకున్నారు. మొదట కాంక్రీటు నమూనాలకే డబ్బిచ్చిన ప్రభుత్వం తర్వాత దీన్నీ ఒప్పుకుంది. లక్షకు పైగా ఇళ్ళు అలా లేచాయి. కూలని ఇంటిని మళ్ళీ కట్టక్కర్లేదు, అది కూడా ఇంధనం ఆదానే. ఇంకో వైపు, 2021 అక్టోబరులో కులూ జిల్లాలోనే మలాణా అనే కొండ ఊళ్ళో పదికి పైగా ఇళ్ళు ఒకే రాత్రి కాలిపోయాయి. చెక్క ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, చలికాలానికి ఎండుగడ్డి వసారాల్లోనే నిలవ చేస్తారు, అగ్నిమాపక వాహనం ఊళ్ళోకి వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ లోయలో కొత్తగా కాఠ్-కునీ కట్టేవాళ్ళు తక్కువ. దేవదారు కావాలి. ఆ దేవదారు అడవుల్ని తెల్లవాళ్ళు రైలు పట్టాల కింద స్లీపర్ల కోసం నరికి, మిగిలినదాన్ని అటవీ చట్టాల కిందకి తెచ్చారు. ఊరివాళ్ళకు ఇంటి కోసం కలప తెచ్చుకునే హక్కు నిబంధనల మధ్య నలుగుతూ వచ్చింది. దాంతో మంచు కురిసే ఎత్తులోనూ నాలుగంతస్తుల కాంక్రీటు లేస్తోంది. ఆ గదుల్లో కరెంటు హీటర్లు.

వేడిని నిలపడంలో చెక్క ఇంటికి నిజంగా ఏమి కావాలో అమెరికాలో ఉన్న మనవాళ్ళను అడిగితే తెలుస్తుంది. అక్కడ కొత్తగా కట్టే ఒంటరి ఇళ్ళలో తొంభై శాతానికి పైగా చెక్క చట్రం ఇళ్ళే. ఇక్కడినుంచి వెళ్ళిన తల్లిదండ్రులు గోడ మీద తట్టి చూసి "ఇదేం ఇల్లురా, అట్టపెట్టెలా ఉంది, దీనికి అన్ని లక్షల డాలర్లా!" అంటారు. మా వదిన కూడా అంది. కాని ఆ అట్టపెట్టె గోడ లోపల గాజు దూది కూరి ఉంటుంది. ఒక అంగుళం చెక్క పలక కన్నా ఆ మూడున్నర అంగుళాల దూది వేడిని పది రెట్లకు పైగా అడ్డుకుంటుంది. చెక్క ఇంటిని నిలబెడుతుంది, దూది వెచ్చగా ఉంచుతుంది, సందులు మూయడం కరెంటు బిల్లు తగ్గిస్తుంది. అయితే అక్కడ అయిదుగురికి సరిపోయే ఇంట్లో ఇద్దరుంటారు, మొత్తం ఇంటికి ఏసీ వేస్తారు. అది కలప తప్పు కాదు.

మన ప్రభుత్వాలు కూడా కలప విషయంలో ఊహలతోనే నడిచాయి. అడవులను కాపాడాలని 1993లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన కట్టడాల్లో కలప వాడకం నిషేధించింది. ఆ చోటు ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్ ఆక్రమించాయి. ఇవన్నీ తయారీలో కరెంటూ బొగ్గూ తాగేవే. 2020లో గాని ఆ నిషేధం ఎత్తేయలేదు. ఈలోగా మన కోస్తా రైతులు సరుగుడు, సుబాబుల్, జామాయిల్ పెంచి కాగితపు మిల్లులకు అమ్ముతున్నారు. కాగితం ఏడాది తిరగకుండా చెత్తలో పడుతుంది, దానిలోని కార్బన్ మళ్ళీ గాలిలోకి. అదే కలపను చెదలు పట్టకుండా శుద్ధి చేసి, అతికించి, ఇంటి కప్పుల్లోకి మళ్ళిస్తే యాభై ఏళ్ళు అక్కడే ఉంటుంది. అయినా రెంటచింతల ఎండకు దూది లేని చెక్క గోడ కట్టమని నేను చెప్పను. అక్కడ ముందు శ్లాబు మీద తెల్ల సున్నం కొట్టించడం నయం. ఖర్చూ తక్కువ.

పాత కలప తిరిగి వాడటానికి మాత్రం ఇవేవీ అడ్డం కావు. కొత్త చెట్టు కొట్టక్కర్లేదు, మిల్లు పెట్టక్కర్లేదు. సిద్ధాంతి ఒక్కడే అడ్డం.

ఊళ్ళో మా చిన్నాన్నగారి వాటా ఇంకా పడలేదు. అందులో నాలుగు స్తంభాలు, రెండు దూలాలు, గంధపు రంగులోకి తిరిగిన వీధి గుమ్మం ఒకటి ఉన్నాయి. పిల్లలు వచ్చే వేసవిలో పడగొట్టి కడతారట. సంక్రాంతికి టేపు పట్టుకుని వెళ్తున్నాను. వడ్రంగిని కూడా రమ్మన్నాను. సిద్ధాంతిగారు కనుమ తర్వాత వస్తారని తెలిసింది.