చలికాలమున గోడలకు పట్టు బూజు

సంక్రాంతికి ముందు ఇల్లంతయు బూజు దులిపి గోడలకు సున్నము వేయుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న మంచి ఆచారము. అయితే బూజు అను ఒక్క మాట తెలుగున రెండు వస్తువులకు చెల్లుచున్నది. ఇంటికప్పున సాలీడు అల్లిన గూడును బూజే. ఊరగాయ జాడీలోను, చెమ్మగిల్లిన గోడమీదను పుట్టు నల్లని, పచ్చని మచ్చలును బూజే. మొదటిది చీపురుతో పోవును. రెండవది ప్రాణముగల శిలీంధ్రము. దానిని పొడి చీపురుతో దులిపినచో కంటికి కానరాని బీజములు గదియంతట వ్యాపించి ఊపిరితో లోనికి పోవును. తడి దొరికిన మరియొక చోట మరల మొలకెత్తును. దులిపితిమను తృప్తి మాత్రమే గృహస్థునకు మిగులును.

వానకాలమున బూజు పుట్టుట వింత కాదు. చలికాలమున ఏల పుట్టవలెను? కోస్తా జిల్లాలలో, ముఖ్యముగా నెల్లూరు ప్రాంతమున, అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు కురియును. గోడల తడి ఆరకముందే చలి ప్రవేశించును. చలికి వెరచి జనులు తలుపులు, కిటికీలు బిగింతురు. వంట ఆవిరి, స్నానపు వేడినీళ్ల ఆవిరి, గదిలో ఆరవేసిన బట్టల తడి, నిద్రించువారి ఊపిరిలోని తేమ, అన్నియు లోపలనే నిలుచును. ఒక కిలోగ్రాము వంటగ్యాసు మండినపుడు సుమారు 1.5 కిలోగ్రాముల నీరు ఆవిరియై వెలువడునన్న నమ్మువారు తక్కువ. కాని అది నిజము. చన్నీళ్లు పోసిన చెంబు వెలుపల చెమర్చునట్లు ఈ తేమయంతయు చల్లని గోడకు తగిలి నీరగును. బయటిగోడకు ఆనించిన బీరువా వెనుక, గాలి తిరుగని మూలలందు బూజు ముందుగా కనబడుట ఇందుచేతనే.

తేమయు బూజును గల ఇండ్లలో నివసించువారికి ఉబ్బసము, ఇతర శ్వాసబాధలు ఎక్కువగా కనబడుచున్నవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రకటించిన మార్గదర్శకములలో తెలిపినది. బిడ్డ రాత్రులందు దగ్గుచుండిన చలిగాలి తగిలినదని తలచి, తెరచియున్న ఒక్క కిటికీని కూడ మూయు తల్లులు అనేకులు. ఆ దగ్గునకు మంచము ప్రక్కనున్న గోడయే కారణము కావచ్చును. అట్లని ప్రతి దగ్గును గోడమీదికి నెట్టరాదు. రెండు వారములు మించిన దగ్గు క్షయ కావచ్చును గనుక ఆస్పత్రిలో పరీక్ష చేయించుకొనవలెను.

సున్నమునకు బూజును అణచు గుణము కొంత కలదు. కాని తడి ఆరని గోడకు పూసినచో అది పెచ్చులై ఊడును. నూనె రంగు పూసినచో తడి లోపలనే బందీయగును. కారు కప్పును, పగిలిన గొట్టమును బాగుచేయింపక, పైన రంగు వేయించి ఇల్లు అద్దెకిచ్చుట ఇప్పుడు పట్టణములలో పరిపాటియైనది. ఇది రోగమును దాచి అమ్ముటయే. కప్పు బాగుచేయించు బాధ్యత యజమానిది. అద్దెకున్నవారు ఎంత తుడిచినను ఆ లోటు తీరదు.

ఇంటివారి చేతిలోని పని వేరు. ఉదయపు మంచు విడి ఎండ వచ్చిన వేళ ఎదురెదురు కిటికీలు కొంతసేపు తెరచియుంచవలెను. వంటయింటి కిటికీ వంట ముగిసిన పిదపకూడ కొంత తడవు తెరచియుండవలెను. బీరువాను గోడకు బెత్తెడు ఎడముగా జరుపవలెను. తడిసిన పరుపులు, చాపలు రెండు దినములలోపల ఎండలో ఆరవలెను. పట్టిన బూజును, ముక్కునకు గుడ్డ కట్టుకొని, సబ్బునీట తడిపిన గుడ్డతో తుడిచి, గోడను పూర్తిగా ఆరనీయవలెను. ఉబ్బసము గలవారు ఆ గదిలో ఉండరాదు. బ్లీచింగు వాడువారు దానిని ఆసిడుతో ఎన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును.

గది ఆరుటకని తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకొనువారును కలరు. మూసిన గదిలో కుంపటి పొగకన్న వాసనలేని కార్బన్ మోనాక్సైడు ప్రమాదకరము. ఉత్తర భారతమున చలికాలపు రాత్రులందు కుంపటి ప్రక్కన నిద్రించి మరల లేవనివారిని గూర్చిన వార్తలు నేటికిని వచ్చుచునేయున్నవి.