భిలాయ్ నేర్పిన పాఠం: అగ్నిమాపకునికి దేహదారుఢ్యం ఒక్కటే చాలదు

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 2018 అక్టోబర్ 9న సంభవించిన దుర్ఘటనను ఆ నగరం నేటికీ మరువలేదు. కోక్ ఓవెన్ల 11వ బ్యాటరీ వద్ద వాయుగొట్టంపై ముందే నిర్ణయించిన మరమ్మతు పని జరుగుతుండగా ఒక్కసారిగా మంటలు చెలరేగాయి. తొలిరోజే తొమ్మిది మంది అసువులు బాశారు. తీవ్రంగా కాలిన మరికొందరు ఆ తరువాత ఆసుపత్రిలో కన్నుమూశారు. మృతులలో కర్మాగారపు సొంత అగ్నిమాపక విభాగం సిబ్బంది కూడా ఉన్నారు. మంటలు లేచిన తరువాత ఆర్పడానికి పరుగెత్తుకొచ్చి ప్రాణాలు కోల్పోయిన వారు కారు వీరు. మంటలు లేవకుండా కాపు కాయవలసిన వేళ బలైపోయారు.

ఈ ఒక్క వాస్తవం ఫైర్‌మన్ ఉద్యోగం గురించి మనకున్న అభిప్రాయాలను సవరించుకోవలసిన అవసరాన్ని సూచిస్తున్నది. ఎత్తు, ఛాతీ కొలత, పరుగు, డ్రైవింగు లైసెన్సు - ఇవి అభ్యర్థి అర్హతను తేల్చవచ్చు. అతని ప్రాణాన్ని కాపాడేది మాత్రం ఉద్యోగంలో చేరిన తరువాత లభించే శిక్షణ, పని ఆపమని చెప్పగల అధికారం.

ప్రవేశానికి మూడు ద్వారాలు

అమెరికాలోని అనేక ప్రాంతాలలో అగ్నిమాపక సేవల కోసమే ప్రత్యేక స్థానిక జిల్లాలు ఉంటాయి. స్థానికుల పన్నులతో అవి నడుస్తాయి. ఆ ఊరివారే స్వచ్ఛందంగా చేరి, శిక్షణ పొంది, పిలుపు వచ్చినప్పుడు కదలి వెళ్ళే పద్ధతి అక్కడ బలంగా ఉన్నది. మన దేశంలో ఈ బాధ్యత రాష్ట్రాలది, పురపాలక సంఘాలది. 74వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవలను పురపాలక విధులలో చేర్చింది. భిలాయ్ వంటి కర్మాగార నగరాలలో వీటికి తోడు కర్మాగారం నిర్వహించే దళం ఉంటుంది.

ఆ కారణంగా భిలాయ్ యువకుడు అగ్నిమాపకుడు కావాలంటే మూడు మార్గాలున్నాయి. మొదటిది, కర్మాగారాన్ని నడిపే ప్రభుత్వరంగ సంస్థ సెయిల్. ఆ సంస్థ ప్రకటనలలో 'ఫైర్‌మన్ కమ్ ఫైర్ ఇంజన్ డ్రైవర్' అనే కొలువు కనిపిస్తుంది. శకటాన్ని నడిపేవాడు, గొట్టం పట్టేవాడు ఒక్కడే కావాలన్నది ఆ పేరులోనే ఉన్నది. అందువల్ల భారీ వాహనాలు నడిపే లైసెన్సుకు ఇక్కడ విలువ ఎక్కువ.

రెండవది, కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అనగా సీఐఎస్ఎఫ్. 1969లో ఏర్పడిన ఈ దళానికి ప్రత్యేక అగ్నిమాపక విభాగం ఉన్నది. 2024లో 1130 కానిస్టేబుల్ (ఫైర్) పోస్టులకు దరఖాస్తులు కోరింది. సైన్సుతో ఇంటర్మీడియట్, 18 నుంచి 23 సంవత్సరాల వయస్సు, సాధారణంగా 170 సెంటీమీటర్ల ఎత్తు, 24 నిమిషాలలో 5 కిలోమీటర్ల పరుగు అందులోని ముఖ్య నిబంధనలు. ఆ ప్రకటన పురుషులకే పరిమితమైంది.

మూడవది, రాష్ట్ర సర్వీసు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2018లో అగ్నిమాపక, అత్యవసర సేవల చట్టాన్ని తెచ్చింది. అధికారి స్థాయికి ఎదగదలచిన వారికి నాగపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల ఉన్నది. 1956లో ప్రారంభమైన ఈ కళాశాల, భిలాయ్ నుంచి అదే ముంబయి-హౌరా రైలుమార్గంలో కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్నది. అక్కడ శిక్షణ పొందిన తొలి మహిళ హర్షిణీ కన్హేకర్ ఓఎన్‌జీసీలో అగ్నిమాపక అధికారి కావడం ఈ వృత్తి పురుషులకే పరిమితం కాదని నిరూపించింది.

కంటికి కనిపించని శత్రువు

ఉక్కు కర్మాగారంలో అగ్నిమాపకుడు ఎదుర్కొనే ప్రమాదం ఊళ్ళో పూరిళ్ళు తగలబడినప్పటి ప్రమాదం వంటిది కాదు. కోక్ ఓవెన్ల నుంచి వెలువడే వాయువులో సగానికి పైగా హైడ్రోజన్, దాదాపు నాలుగోవంతు మీథేన్ ఉంటాయి. గాలితో తగిన పాళ్ళలో కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో సుమారు ఐదోవంతు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు మించిన పట్టుదలతో కలిసిపోతుంది. మనిషి తనకేమైనదో గ్రహించేలోగానే స్పృహ తప్పుతాడు.

భిలాయ్‌కి ఇది 2018 కన్నా ముందే అనుభవమైన సంగతి. 2014 జూన్ 12న నీటి పంప్‌హౌస్ వద్ద విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. పడిపోయినవారిని కాపాడాలన్న ఆతురతతో శ్వాస పరికరం లేకుండా లోపలికి వెళ్ళే మనిషి తానే మరొక బాధితుడవుతాడు. అందుకే ఇటువంటి చోట సాహసం కన్నా క్రమశిక్షణ గొప్పది. వాయువు పాలును కొలిచే సాధనం చూడడం, శ్వాస పరికరం ధరించడం, గాలి వీచే దిశను గమనించడం, జంటగా తప్ప ఒంటరిగా వెళ్ళకపోవడం - ఇవి అలవాటుగా మారేవరకు అభ్యాసం చేయించాలి. పుస్తకంలో చదివించి పరీక్ష పెడితే వచ్చే విద్య కాదిది.

మరమ్మతుల కోసం వాయుగొట్టంలో ఇనుప పలక అడ్డంగా బిగించడం, పని ముగిశాక దానిని తొలగించడం అన్నిటికన్నా అపాయకరమైన ఘట్టాలు. గొట్టం తెరుచుకునే ఆ కొద్ది నిమిషాలలో వాయువు బయటికి వస్తే పక్కన నిలబడిన అగ్నిమాపక శకటం చేయగలిగింది స్వల్పం. ప్రమాదాన్ని నివారించవలసింది అంతకు ముందే, పనికి అనుమతి పత్రం వ్రాసే బల్ల దగ్గర. 2018 దుర్ఘటన తరువాత కర్మాగార అధిపతిని తొలగించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. శిక్షలు అవసరమే. కాని ఆ బల్ల దగ్గర అగ్నిమాపక విభాగం మాటకు ఎంత విలువ ఉంటుందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

తగ్గుతున్న సిబ్బంది, తగ్గని ప్రమాదం

ఈ శతాబ్దం తొలినాళ్ళలో సెయిల్ సిబ్బంది లక్షన్నర దాకా ఉండేది. నేడది 60 వేల లోపునకు పడిపోయింది. ఉక్కు ఉత్పత్తి ఖర్చు తగ్గించుకోవాలన్న యాజమాన్యపు వాదనలో ఆర్థిక హేతువు లేకపోలేదు. అయితే గొట్టాల పొడవు, వాయువు పరిమాణం సిబ్బందితోపాటు తగ్గవు. మంటలు లేని రోజున పని లేనట్టు కనిపించేది అగ్నిమాపక విభాగమే కనుక లెక్కల పుస్తకంలో అది అదనపు ఖర్చుగా తోచే ప్రమాదం ఉన్నది.

రాష్ట్రాలలో అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు పదిహేనవ ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు కేంద్రం 2023లో రూ. 5,000 కోట్ల పథకాన్ని ప్రకటించింది. ఇది స్వాగతించదగినది. కాని శకటాలు కొన్నంత వేగంగా మనుషులు తయారు కారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో 2012 జూన్ 13న జరిగిన పేలుడు 19 మందిని బలిగొన్నది. భిలాయ్ పాఠం తెలుగునాటికీ వర్తిస్తుందనడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు.

భోపాల్ విషాదం తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఆసన్న ప్రమాదాన్ని గుర్తించిన కార్మికుడు హెచ్చరించే హక్కును అందులో చేర్చారు. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన వృత్తిభద్రత కోడ్‌లోనూ ఆ హక్కుకు చోటు దక్కింది. హెచ్చరించే హక్కు కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదు. ఉత్పత్తి ఆగితే పైఅధికారి ఆగ్రహిస్తాడన్న భయం ఉన్నచోట కొత్తగా చేరిన ఫైర్‌మన్ నోరు విప్పడు.

ఉత్తరాంధ్ర నుంచి భిలాయ్ వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్ళలో పుట్టి పెరిగిన యువకునికి ఖాకీ దుస్తులు, స్థిరమైన జీతం, నలుగురిలో గౌరవం ఆకర్షణీయమే. ఆ ఉద్యోగానికి సిద్ధపడమని అతనికి నిరభ్యంతరంగా చెప్పవచ్చు. అయితే ఐదు కిలోమీటర్ల పరుగులో అతన్ని పరీక్షించే సంస్థలు తమను తాము పరీక్షించుకోవాలి. "ఈ గొట్టం ఇప్పుడు తెరవవద్దు" అని ఒక ఫైర్‌మన్ అంటే పని ఆగుతుందా? ఆగుతుందని యాజమాన్యం నిస్సంకోచంగా చెప్పగలిగిన నాడే 2018 మృతులకు నిజమైన నివాళి దక్కుతుంది.