సినిమా కోర్టు వేరు, సైన్యం కోర్టు వేరు

సంక్రాంతికి పిల్లవాడు సెలవు పెట్టి ఊరొస్తాడు. పండగ అయిపోతుంది, సెలవూ అయిపోతుంది. ‘ఇంకో వారం ఉండరా, ఏమవుతుందిలే’ అంటాం. గుడివాడలో, అవనిగడ్డలో, బెజవాడలో సైనికుల్ని కన్న అమ్మానాన్నల్లారా, దయచేసి ఆ మాట అనకండి. సరైన కారణం లేకుండా సెలవు దాటితే 1950 ఆర్మీ చట్టం 39వ సెక్షన్ కింద నేరం. 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. 30 రోజులు రాకపోతే విచారణ పెట్టి పారిపోయినవాడిగా రాస్తారు. అగ్నివీరులకూ ఇదే చట్టం. నిజంగా జబ్బు చేస్తే వెంటనే యూనిట్‌కు కబురు పంపండి, ఆసుపత్రి కాగితాలు దాచండి.

కేసు అయితే ఏం జరుగుతుందో మనకు తెలుసనుకుంటాం. సినిమాలు చూశాం కదా! 2008 నాటి హిందీ సినిమా ‘శౌర్య’లో డిఫెన్స్ తరఫు మేజర్ ప్రశ్నలతో రెచ్చగొడితే బ్రిగేడియర్ నోరు జారతాడు. కేసు తిరగబడుతుంది. చూడ్డానికి బాగుంటుంది. దాన్ని నమ్ముకుని చివరి రోజు దాకా కూర్చుంటేనే ప్రమాదం.

2016లో వచ్చిన ‘రుస్తుం’లో యూనిఫాం మీది పతకాలే తప్పని అప్పట్లో నవ్వుకున్నారు. అది వదిలేయొచ్చు. వదిలేయకూడనిది మరొకటి. సినిమాలో హీరో నిర్దోషిగా బయటికొస్తాడు. ఆ కథకు మూలమైన నానావతి నౌకాదళ అధికారే అయినా విచారణ జరిగింది బొంబాయి సెషన్స్ కోర్టులో. జ్యూరీ 8-1తో నిర్దోషి అంది. హైకోర్టు దాన్ని తోసిపుచ్చి యావజ్జీవం వేసింది. 1961లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. సగం కథ చూసి ధైర్యం తెచ్చుకోకండి.

జవానుకు ఎదురయ్యేది సమ్మరీ కోర్ట్ మార్షల్ కావచ్చు. అక్కడ నల్లకోటు ఉండదు, వాదోపవాదాలుండవు. కమాండింగ్ ఆఫీసరే కోర్టు. మరో ఇద్దరు కూర్చుంటారు గానీ తీర్పు వాళ్లది కాదు. తోడుగా వచ్చిన ‘ఫ్రెండ్’ సలహా చెప్పగలడు, కోర్టుతో మాట్లాడలేడు. అక్కడే ఏడాది దాకా జైలు, ఉద్యోగం నుంచి డిస్మిస్ కూడా వేయొచ్చు.

అందుకే అసలు పోరాటం అంతకుముందే, సాక్షుల వాంగ్మూలాలతో సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ రాసే గదిలో. సాక్షుల్ని ప్రశ్నించే హక్కు అక్కడుంది. వాడుకోమనండి. ఛార్జిషీటు అందాక విచారణకు కనీసం 96 గంటల వ్యవధి ఇవ్వాలి, ‘యాక్టివ్ సర్వీస్’లో ఉంటే 24. అంతకంటే తొందరపెడితే అనుమానించండి. ‘ఒప్పుకో, తేలిగ్గా పోతుంది’ అని ఎవరైనా చెబితే ఇంకా జాగ్రత్త. నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో ముందుగా వివరించాలని నిబంధన ఉంది. అది వినకుండా, అర్థం కాకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి.

‘ఢిల్లీలో మనవాళ్లున్నారు’ అనేవాడి చేతికి పైసా ఇవ్వకండి. సైనిక చట్టం తెలిసిన లాయరును వెతకండి. శిక్ష పడ్డాక ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికొస్తుంది. దానికీ గడువులుంటాయి.

పిల్లవాడి నుంచి ఫోన్ వచ్చిన రోజే అడగండి: ఏ అభియోగం, ఏ కోర్టు, ఏ కాగితం మీద సంతకం పెట్టావు?